దిగు అనొద్దు

ముందు బెల్టు పడింది.

దాని ఇనప కొక్కెం సిమెంటు దిమ్మకి తగిలి ఖంగుమంది. స్లాబు మీద పారలు పట్టుకుని కాంక్రీటు కోసం నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పారు. పైనుంచి ఏదో ఒకటి పడటం ఈ సైట్లో కొత్త కాదు. బోల్టు పడుతుంది, చెక్కముక్క పడుతుంది. ఒకసారి ఎవడిదో అన్నం డబ్బా పడి సూపర్‌వైజర్ నెత్తి తృటిలో తప్పించుకుంటే, అయ్యో తప్పిపోయిందే అని అందరూ నవ్వుకున్నారు. కానీ బెల్టు పడదు. అది క్రేను తోలేవాడి భుజాలకీ నడుముకీ బిగించి ఉండేది. దానంతటది ఊడి రాదు. విప్పి పడేస్తేనే వస్తుంది.

జెండక్క తల పైకెత్తింది.

ఆమె పని సిగ్నలివ్వడం. ఎర్రజెండా, పచ్చజెండా, భుజానికి వాకీటాకీ. కింద నిలబడి ఆమె ఎత్తు అంటే పైన క్రేనులో కూర్చున్నవాడు ఎత్తాలి, దించు అంటే దించాలి. జెండాలు పట్టుకుంటుంది కాబట్టి జెండక్క. ఎప్పుడూ పైనే ఉంటాడు కాబట్టి అతను పైవాడు. "పైవాడు చూస్తున్నాడురా, సిగరెట్ ఆర్పెయ్" అని తాపీవాళ్ళు, "పైవాడు దయ తలిస్తే ఇవాళ తొందరగా ఇంటికెళ్తాం" అని రాడ్లు కట్టేవాళ్ళు. జోకు అరిగిపోయి చాలా కాలమైంది. ఎవరూ మానలేదు.

పైవాడు ఇప్పుడు క్యాబిన్లో లేడు. క్రేను చెయ్యి పొడుగునా ఉండే సన్నటి ఇనప నడవ మీద కూర్చుని, కాళ్ళు గాల్లోకి వేలాడేశాడు.

హెల్మెట్ కూడా పడింది.

"తమ్ముడూ, క్యాబిన్లోకి వెళ్ళు" అంది జెండక్క వాకీలో. "బెల్టు పడిపోయింది, చూసుకోలేదా?" పడిపోలేదని ఆమెకి తెలుసు. నోటికి అదే వచ్చింది.

వాకీ గరగరలాడింది. తర్వాత అతని గొంతు. మామూలుగా ఉంది. మరీ మామూలుగా ఉంది.

"నిన్న చెప్పాను కదక్కా, ఇవాళ్టితో దిగిపోతానని."

నిన్నటి ఆ మాటకి అర్థం జెండక్కకి ఇప్పుడు తెలిసింది.

క్రేను వాళ్ళలో దిగడమంటే పని ముగించడం. షిఫ్టు అయిపోతే దిగాను అంటారు. ఈ పని వదిలి ఇంకో పనికి పోతే దిగిపోయాను అంటారు. దిగిపోయినవాణ్ణి చూసి మిగతావాళ్ళు కుళ్ళుకుంటారు. పైవాడు ఎన్నాళ్ళుగానో దిగిపోతానని మేనేజర్ చుట్టూ తిరుగుతున్నాడు. ఎందుకు తిరగడు? పొద్దుటి నుంచి చీకటి పడేదాకా గాజు డబ్బాలో ఒక్కడే. ఒంటేలుకైనా సీసానే గతి. మనిషి గొంతు వినాలంటే ఆ వాకీ ఒక్కటే, అదేమో ఎత్తు, దించు, ఎడమకి, ఆపు తప్ప ఇంకో మాట మాట్లాడదు. పోనుపోను ఆ మాటలు ఇంట్లో కూడా వినిపించడం మొదలెట్టాయి. కంచం ముందు కూర్చుంటే ఎత్తు అంటుంది. కన్ను మూస్తే దించు అంటుంది. నిద్ర కరువైంది. నన్ను కింద పనిలో వెయ్యండి సార్, ఇటుకలు మోస్తాను అన్నాడు. మేనేజర్ పడీపడీ నవ్వాడు. "క్రేను తోలడం వచ్చినవాడు ఇటుకలు మోస్తానంటే పిచ్చోడంటారు రా."

పిచ్చి పట్టించేవాళ్ళకే ఆ మాట అంత చవగ్గా దొరుకుతుంది.

ఇక నిన్న సాయంత్రం సంగతి. కార్మికుల రేకుల షెడ్ల వెనక పాత సెంట్రింగ్ చెక్కలు పేర్చిన మూల ఒకటుంది. దాన్ని కూర్చునే చోటు అంటారు. ఒక తాపీ మేస్త్రి ప్రాణం తీసుకున్నాక జెండక్కా, వెల్డర్ బావా, రాడ్ల మేస్త్రీ కలిసి మొదలెట్టారు దాన్ని. మనసు బాగోలేనివాళ్ళు పని అయ్యాక వచ్చి కూర్చుంటారు. చెప్పాలనుంటే చెప్తారు, లేకపోతే లేదు. పక్కన ఇంకో మనిషి ఉంటాడు, అంతే. రూళ్ళు రెండు. విన్నది బయట పెట్టకూడదు. ఎదురు ప్రశ్న వెయ్యకూడదు. ఆ రెండోది అందరికీ తెగ నచ్చింది. ఎందుకంటే వీళ్ళని తెల్లారి లేస్తే అడిగేవాళ్ళే. ఎందుకాలస్యం? కార్డేది? తాగొచ్చావా? నిన్నెవడు పంపాడు? అడిగించుకుని అడిగించుకుని విసిగిపోయిన జనం, ఒక్క చోటైనా ఎవరూ ఏమీ అడక్కుండా ఉండాలనుకున్నారు.

పైవాడు వచ్చి చెక్కల మీద కూర్చుని, "రేపటితో దిగిపోతానక్కా, ఇక చాలు" అన్నాడు.

"మేనేజర్ ఒప్పుకున్నాడన్నమాట!" అని రాడ్ల మేస్త్రి అతని వీపు మీద చరిచాడు. "ఎన్నాళ్ళకి మంచి కబురు చెప్పావయ్యా" అంది జెండక్క. టీలు తెప్పించారు. పైవాడు టీ తాగాడు, అందరి మొహాలూ ఒకసారి చూశాడు, నవ్వాడు, వెళ్ళిపోయాడు.

చావబోతున్నానని చెప్పడానికి వచ్చినవాడికి టీ పోసి సాగనంపారు. ఎదురు ప్రశ్న వెయ్యలేదు మరి. రూలు.

ఇదంతా జెండక్క బుర్రలో తిరిగేలోపే మేనేజర్ ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చాడు. రెండు చేతుల్లో రెండు ఫోన్లు. ఒకటి జేబులో కుక్కి, జెండక్క భుజం మీది వాకీ లాక్కున్నాడు.

"ఒరేయ్! ఏంట్రా ఆ వేషాలు? దిగు! వెంటనే దిగు!"

పైవాడు రెయిలింగ్ మీంచి రెండు చేతులూ తీసేశాడు. ముందుకి వంగాడు.

స్లాబు మీద ఎవరో కెవ్వుమన్నారు. జెండక్క మేనేజర్ చేతిలోంచి వాకీ పీకేసుకుంది.

"ఆ మాట అనొద్దు సార్!"

"ఏ మాట?"

"ఇప్పుడన్న మాట. అతను దిగుతానంటే దూకుతానని. మీరు దూకమంటున్నారు!"

జెండక్క ఆయన్ని పట్టించుకోకుండా బటన్ నొక్కింది. "అందరూ వినండి. ఈ చానల్లో ఎవరూ ఒక్క సిగ్నల్ మాట కూడా అనొద్దు. ఎత్తు అనొద్దు, దించు అనొద్దు, దిగు అనొద్దు. ఎవరైనా నోరు జారారో, నా చేతుల్లో అయిపోతారు."

"అట్లాగేనక్కా." అది రెండో క్రేను తోలే మీసాలాయన గొంతు. ఎదురుగా ఇంకో క్రేను క్యాబిన్లో లేచి నిలబడి, గాజుకి మొహం ఆనించి చూస్తున్నాడు.

"తమ్ముడూ," అంది జెండక్క, "నాతో మాట్లాడినంతసేపు రెయిలింగ్ పట్టుకో. ఇంకేం అడగను. అది పట్టుకో చాలు."

తర్వాత ఒక చెయ్యి రెయిలింగ్ మీదకి వచ్చింది. రెండోది రాలేదు.

అప్పుడే గేటులోంచి తెల్ల వ్యాను లోపలికొచ్చింది. కిటికీలకి జాలీలు. దాన్ని చూడగానే స్లాబు మీద మాటలు ఆగిపోయాయి. అది తాళాలాసుపత్రి వ్యాను. ఆ మానసిక ఆసుపత్రికి ఏదో మంచి పేరే ఉంది కానీ ఈ షెడ్లలో అందరూ తాళాలాసుపత్రనే అంటారు. వెల్డర్ బావని అందులోనే పట్టుకుపోయారు. ఒకప్పుడు సైటంతా బావా బావా అని వెంటపడే మాటకారి అతను. దిగులు పట్టుకుని, పనిలో కూర్చుని ఏడుస్తున్నాడని ఫోన్ చేశారు, వ్యాను వచ్చింది. చాలా నెలలకి తిరిగొచ్చి, మొట్టమొదట తన షెడ్డు తలుపు బందులతో సహా ఊడబెరికి గోడకి ఆనించాడు. ఇప్పటికీ అంతే. చలికి వణుకుతూ పడుకుంటాడు కానీ తలుపు పెట్టుకోడు.

వ్యానులోంచి ఇద్దరు తెల్లచొక్కాలవాళ్ళు దిగారు. ఒకడి చేతిలో మనిషిని కట్టేసే పట్టీలు.

"అక్కా," అంది వాకీ. "ఆ బండి నా కోసమా?"

"కాదని చెప్పు" అని మేనేజర్ పళ్ళ మధ్య నుంచి అన్నాడు. జెండక్క బటన్ మీంచి వేలు తీసేసింది. ఆయన వెంటనే డ్రైవర్ వైపు చేతులూపాడు. వ్యాను వెనక్కి వెళ్ళి, పక్కకి తిరిగి, గోదాం వెనక్కి పోయింది. ఇంజను ఆగింది. మేనేజర్ సూపర్‌వైజర్ దగ్గరున్న ఇంకో వాకీ తీసుకుని, పసిపిల్లాణ్ణి బుజ్జగిస్తున్నట్టు గొంతు పెట్టాడు. "చూశావుగా నాన్నా, బండి పంపించేశాను. ఇక మెల్లగా వచ్చెయ్."

వాకీలో ఒక నవ్వు వినిపించింది. పైవాడి నవ్వు.

"గోదాం వెనక పెట్టారు సార్. నీలం డ్రమ్ముల పక్కన. డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకుంటున్నాడు. ఇక్కణ్ణుంచి మీ బట్టతల కూడా కనిపిస్తోంది."

స్లాబు మీద ఎవడో కిసుక్కుమని, నోరు మూసుకున్నాడు. పొద్దస్తమానం పైనే ఉండేవాడి దగ్గర గోదాం వెనక దాక్కోవాలనుకోవడం నేల మీద ఉండేవాడికే తట్టే తెలివి. కానీ ఆ నవ్వు జెండక్కకి నచ్చలేదు. నవ్వుతున్నప్పుడు అతని చెయ్యి రెయిలింగ్ మీంచి జారింది.

"అవును తమ్ముడూ" అంది గబగబా. "నీ కోసమే. గోదాం వెనకే ఉంది. నేను పిలవలేదు. నేనైతే నీకు అబద్ధం చెప్పను."

"నీకు తెలివుందా?" అన్నాడు మేనేజర్.

జెండక్క ఆయన వైపు వీపు తిప్పింది. బటన్ మీద ఆమె బొటనవేలు తడిసి జారుతోంది. చీరకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. "తమ్ముడూ, ఒకటి అడుగుతాను. నిన్న అడగాల్సింది, అడగలేదు. చచ్చిపోదామని ఎక్కావా?"

అందరి వాకీల్లోనూ ఆ ప్రశ్న ఒకేసారి వినిపించింది. మేనేజర్ ఆమె రెక్క పట్టుకున్నాడు. "లేని ఆలోచన నువ్వే పెడతావా వాడి బుర్రలో?"

"ఉన్నదే అడిగాను. చెయ్యి తియ్యండి."

కాంక్రీటు లారీల డ్రమ్ములు గిర్రున తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. తర్వాత,

"అవునక్కా."

ఇంతసేపూ అతని గొంతులో ఉన్న ఆ మరీ మామూలుతనం పోయింది.

"నిన్న చెప్పాను కదా మీకు" అన్నాడు. "మీరంతా సంతోషపడ్డారు. మంచి కబురన్నావు నువ్వు. టీ కూడా తెప్పించారు. నేను పోతే అందరికీ హాయేనన్నమాట అనుకున్నా."

జెండక్క దిమ్మ మీద కూలబడింది. కూలబడే అరిచింది. "ఒరే నాయనా! మేం క్రేను దిగుతున్నావనుకున్నాం రా! కింద పని దొరికిందనుకున్నాం! దానికి రా టీ!"

వాకీలో గరగర.

"క్రేనా?"

"క్రేనే! ఇంకేంటి అనుకుంటాం?"

స్లాబు చివరికి పరిగెత్తుకొచ్చిన రాడ్ల మేస్త్రి దగ్గర వాకీ లేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి అరిచాడు. "టీ చెప్పింది నేనే రా వెధవా! నువ్వు క్రేను దిగుతున్నావని చెప్పాను! నీ చావుకి నేనెందుకు టీ పోస్తాను రా!" అరుస్తూనే ఏడ్చేశాడు, అంత మనిషి.

పైవాడు రెండో చెయ్యి కూడా తెచ్చి రెయిలింగ్ పట్టుకున్నాడు. స్లాబంతా ఊపిరి వదిలింది. కానీ కాళ్ళు అట్లాగే వేలాడుతున్నాయి.

"ఆ బండి ఉన్నంతసేపు రానక్కా" అన్నాడు. "బావని చూశాను. అట్లా తిరిగి రావడం నా వల్ల కాదు. దానికంటే ఇదే నయం."

జెండక్క లేచింది. "సార్, బండి గేటు దాటాలి."

"కుదరదు. రూలు ప్రకారం పిలిచాను. రేపు వీడికేమైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది." మేనేజర్ వాచీ చూసుకున్నాడు, లారీల వైపు చూశాడు. డ్రమ్ముల్లో కాంక్రీటు ఎండకి బిగుసుకుంటోంది. ఇంకాసేపైతే అది కాంక్రీటు కాదు, లారీ కడుపులో బండరాయి. వాకీ తీసి రెండో క్రేనుని పిలిచాడు. "నువ్వు మొదలెట్టవయ్యా. వీడి సంగతి వీళ్ళు చూసుకుంటారు, పని ఆగకూడదు."

మీసాలాయన కొంచెం ఆలోచించాడు. "గాలి ఎక్కువగా ఉంది సార్."

గేటు మీది జెండా తడిగుడ్డలాగా వేలాడుతోంది.

"ఏ గాలి?"

"పైన ఉంది సార్. కింద మీకు తెలీదు. గాలి ఉంటే తోలకూడదని మీరే బోర్డు పెట్టారు కదా." అని ఇంజను ఆపేశాడు.

ఇక అందరికీ బోర్డులు గుర్తొచ్చాయి. స్లాబు మీద ఒకడికి హెల్మెట్ పట్టీ తెగింది. ఇంకొకడికి చేతితొడుగులు లేవు, అవి లేకుండా పార పట్టకూడదట. ముందు లారీ డ్రైవర్ హారన్ రెండుసార్లు గట్టిగా మోగించి చూసుకుని, "హారన్ పనిచెయ్యట్లేదు సార్, బండి కదపకూడదు" అన్నాడు. ఇన్నాళ్ళూ గోడలకి అలంకారంగా ఉన్న రూళ్ళన్నీ ఒక్కసారిగా ప్రాణం పోసుకుని మేనేజర్ మీద పడ్డాయి.

"బ్లాక్‌మెయిలా?" అన్నాడాయన. "సరే, బండి పంపేస్తాను. తర్వాత? వీడికి వైద్యం అక్కర్లేదా? చెక్కల మీద కూర్చోబెట్టి మీరే నయం చేస్తారా? నిన్న నయం చేశారుగా!"

ఆ దెబ్బ జెండక్కకి సూటిగా తగిలింది. "వైద్యం వద్దని ఎవరన్నారు సార్? వీధి చివర డాక్టరమ్మ ఉంది. బావ ఆమె దగ్గరికే వెళ్తున్నాడు. మందు మింగుతాడు, సాయంత్రానికి మా మధ్యకొస్తాడు. మందు కావాలి. తాళం వద్దు."

"అది నువ్వూ నేనూ తేల్చేది కాదు. వాడి పెళ్ళాం ఒప్పుకుంది. ఫోన్లో అడిగాను, తీసుకెళ్ళమంది. అదిగో, వచ్చింది, అడుగు."

పైవాడి భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు అట్లాగే ఉంది, చీరంతా దారప్పోగులు. పైకి చూడట్లేదు. చూస్తే ఎక్కడ పడిపోతాడోనన్నట్టు నేల వైపే చూస్తోంది.

"నిజమేనా చెల్లీ?" అంది జెండక్క.

"నిజమే." ఆమె తల ఎత్తలేదు. "భయమేసింది. రాత్రిళ్ళు లేచి కూర్చుని, ఎవరో దించమంటున్నారు, ఏం దించాలి అని అడుగుతాడు. నేనేం చెప్పను? ఎవరికీ చెప్పొద్దంటాడు. మీరు సాయంత్రం కాసేపు కూర్చుని లేచిపోతారక్కా. తర్వాత మిగిలేది నేనొక్కదాన్నే. తీసుకెళ్తామంటే, కాసేపు నిద్రపోవచ్చు అనిపించింది నాకు."

పైన మనిషి ఉన్నాడు, కింద ఈమె ఉంది, ఇద్దరిలో ఎవరిది తప్పు?

వెల్డర్ బావ ఇంతసేపూ ఇసక గుట్ట పక్కన నిలబడి ఉన్నాడు. వచ్చి ఆమెకి కొంచెం దూరంలో ఆగాడు. అతను మాట్లాడటం విని చాలా కాలమైనవాళ్ళు మెడలు సాచారు.

"అక్కడ తలుపుకి పిడి ఉండదమ్మా" అన్నాడు. "మనవైపు."

అంతే. ఆమె అతని మొహం చూసింది. అప్పుడు మొదటిసారి తల పైకెత్తి మొగుణ్ణి చూసింది. తర్వాత గోదాం వెనక్కి చకచకా నడిచింది. వ్యాను బానెట్ మీద అరచేత్తో గట్టిగా చరిచిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. "భార్యని నేను. నేను పంపను. వెళ్ళండి. వెళ్ళండంటున్నానా!"

తెల్లచొక్కాలవాళ్ళు గోదాం మూలకొచ్చి మేనేజర్ వైపు చూశారు. మేనేజర్ లారీల వైపు చూశాడు. తర్వాత చెయ్యి విసిరాడు, పొమ్మని.

వ్యాను గేటు దాటింది. పైవాడు వాకీలో ఒక్కొక్కటే చెప్తున్నాడు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "సందు మలుపు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగింది. వంతెన ఎక్కింది. పోయింది."

"పోయింది" అంది జెండక్క. "ఇక రా తమ్ముడూ. నిచ్చెన పట్టుకుని మా దగ్గరికి రా."

"కాళ్ళు లేవట్లేదక్కా."

అది భయపెట్టే మాట. ఇంతసేపూ అతను పడాలనుకున్నాడు, అదొక భయం. ఇప్పుడు పడకూడదనుకుంటున్నాడు, ఒళ్ళు మాట వినట్లేదు. నడవ మీద అతను కొంచెం కదలగానే క్రేను చెయ్యి సన్నగా ఊగింది.

వెల్డర్ బావ ఎవర్నీ అడగలేదు. స్టోరులోంచి రెండు బెల్టులు తెచ్చాడు. ఒకటి బిగించుకుని, ఒకటి భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కడం మొదలెట్టాడు. "ఫైరింజన్ని పిలుద్దాం, ఆగవయ్యా" అని మేనేజర్ అంటూనే ఉన్నాడు. జెండక్క వాకీలో చెప్పింది. "బావ వస్తున్నాడు. పట్టుకోడు, లాగడు. పక్కన కూర్చుంటాడు. సరేనా?"

"సరే" అని వినిపించింది. చాలా చిన్నగా.

బావ చిన్న చుక్కయ్యాడు. నడవ మీదకి చేరాడు. పాకుతూ వెళ్ళి పైవాడికి మూరెడు దూరంలో కూర్చున్నాడు. తనూ కాళ్ళు వేలాడేశాడు. కిందున్నవాళ్ళకి రెండు జతల కాళ్ళు కనిపించాయి. అంతే కనిపించింది. ఏం మాట్లాడుకున్నారో తెలీదు, అసలు మాట్లాడుకున్నారో లేదో తెలీదు. ముందు లారీ డ్రైవర్ దిగొచ్చి, "నాది బిగిసిపోయింది సార్" అని మెల్లగా చెప్పాడు. మేనేజర్ అతన్ని తిట్టలేదు. ఆయన కూడా మెడ ఎత్తుకునే ఉన్నాడు.

ఎండ స్లాబు మీంచి గోడల మీదకి జరిగింది. అప్పుడు ఒక జత కాళ్ళు లోపలికి వెళ్ళాయి. తర్వాత రెండోది. బెల్టు బిగిస్తున్న బావ చేతులు కనిపించాయి. ఇద్దరూ పాకుతూ నిచ్చెన దగ్గరికొచ్చారు, బావ కింద, పైవాడు పైన, ఒక్కో మెట్టు. పైవాడి కాలు మెట్టు కోసం వెతుక్కున్నప్పుడల్లా బావ ఆ పాదం పట్టుకుని మెట్టు మీద పెడుతున్నాడు. "రా" అంటోంది జెండక్క. "రా. రా తమ్ముడూ." స్లాబు మీద జనం కూడా పెదాలు కదుపుతున్నారు, రా, రా అని.

నేల తగలగానే పైవాడు అక్కడే కూర్చుండిపోయాడు. భార్య వచ్చి అతని చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. ఆ గుప్పిట మాత్రం విప్పలేదు.

జెండక్క అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది. "ఇంకా చచ్చిపోవాలనుందా?"

మేనేజర్ విసుక్కున్నాడు. "మళ్ళీనా?"

"మళ్ళీనే. నువ్వు చెప్పు తమ్ముడూ."

పైవాడు చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదని ఆలోచిస్తున్నట్టు తెలుస్తోంది. "ఇప్పుడు లేదక్కా. రేపు సంగతి తెలీదు."

"రేపూ అడుగుతాను."

"అడుగు."

మీసాలాయన కూడా తన క్రేను వదిలి కిందికొచ్చేశాడు. మేనేజర్ అతన్ని చూసి, "రేపు ఆ క్రేను ఎవడు తోలతాడు?" అన్నాడు, ఎవరైనా జవాబు చెప్తే బాగుండన్నట్టు.

మీసాలాయనే జవాబిచ్చాడు. "ఎవరు తోలినా పూటకొకరు సార్. మధ్యాహ్నం మారాలి. గంట గంటకీ కింద నుంచి ఎవరో ఒకరు వాకీలో మామూలు మాటలు మాట్లాడాలి. తిన్నావా, ఎట్లా ఉన్నావు, అట్లాంటివి."

"ఏ బోర్డు మీద ఉంది ఆ రూలు?"

"గాలి చెప్పింది సార్" అన్నాడు మీసాలాయన. నవ్వలేదు. ఆయన వెనక స్లాబు జనమంతా నిలబడి ఉన్నారు, ఒక్కడూ పార ఎత్తలేదు. మేనేజర్ వాళ్ళని చూసి, బిగిసిపోయిన లారీని చూసి, "చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఎవరూ కదల్లేదు. కాసేపాగి ఆయనే, "సరేనయ్యా, పూటకొకరు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే జెండక్క పైవాడి షెడ్డుకెళ్ళింది. గుమ్మం పక్కన వెల్డర్ బావ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కునుకుతున్నాడు. భార్య తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిద్రపోతున్నాడక్కా. ఇట్లా పడుకుని ఎన్నాళ్ళైందో. డాక్టరమ్మ దగ్గరికి లేచాక వెళ్తాం, బావ వస్తానన్నాడు."

"పడుకోనీ. లేచాక అడుగుతాలే. చెప్పాను కదా."

ఆమె తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. ఏదో అనబోయి ఆగింది. టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"అతన్ని రోజూ అడుగుతారు" అంది చివరికి. "నన్నెవరూ అడగరా అక్కా?"

సైట్లో సైరన్ మోగింది, అందరూ వచ్చెయ్యమని. రాడ్ల మేస్త్రి దూరం నుంచి చెయ్యూపి పిలిచాడు. జెండక్క అటు చూడలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. ఆమె కూర్చుంది.

నిన్న పైవాణ్ణి అడిగిన ప్రశ్నే, అవే మాటల్లో, మెత్తగా చెయ్యకుండా, ఆమెని అడిగింది.

ఆమె వేలికి టేపు చుట్టుకోవడం ఆపింది. సైరన్ రెండోసారి మోగింది. జెండక్క జెండాలు రెండూ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టేసింది.